గిటారు షాపుకి వెళ్తే వెనకాల రిపేరు టేబుల్ ఉందా లేదా చూడండి (కొంచెం పెద్ద సమాధానం)

మీరు అడిగింది కుదిస్తే ఇదీ. ఏడాదిగా అకౌస్టిక్ మీద నేర్చుకుంటున్నారు, ఇప్పుడు మొదటి ఎలక్ట్రిక్ కొందామని రెండు చిన్న షాపులు తిరిగారు. ఒక చోట చక్కగా నవ్వుతూ మాట్లాడారు, అడిగిందల్లా గోడ మీంచి దించి ఇచ్చారు, ఏది పట్టుకున్నా "సూపర్ పీస్, తీస్కోండి" అన్నారు. రెండో చోట ఆయన సరిగ్గా మొహం కూడా చూళ్ళేదు, మీరు చూపించిన గిటారు పట్టుకుని వెనక్కెళ్ళిపోయాడు, కాసేపు నిలబెట్టి తర్వాత వచ్చి "దీనికి నట్ పని ఉంది, వచ్చే వారం రండి, కావాలనుకుంటే కొంచెం అడ్వాన్స్ కట్టండి" అన్నాడు (నట్ అంటే ఏంటో కింద రాస్తా). ఇందులో ఎవరి సర్వీస్ మంచిది, అడ్వాన్స్ కట్టొచ్చా, ఆన్‌లైన్‌లో తక్కువకి దొరుకుతుంటే అసలు షాపులో ఎందుకు కొనాలి, నలుగురి ముందు వాయించాలంటే సిగ్గుగా ఉంది ఏం చెయ్యాలి. ఇవే కదా.

రెండో షాపే. ఇందులో పెద్దగా ఆలోచించడానికేం లేదు. నేను చాలా ఏళ్ళు ఇలాంటి ఒక చిన్న షాపులో వెనకాల రిపేరు టేబుల్ దగ్గర పనిచేశాను, ఇప్పుడు కొనేవాడిగానే వెళ్తుంటాను, రెండు వైపులా చూశాక నాకు అనిపించేది ఏంటంటే గిటారు షాపులో సర్వీస్ అనేది పలకరింపుని బట్టి తెలీదు, ఆ గిటారు మీ చేతికి వచ్చేలోపు దాని మీద ఎవరి చెయ్యి పడింది, ఏం చేశారు అన్నదాన్ని బట్టే తెలుస్తుంది. ఆయన నవ్వకపోతే నవ్వకపోయాడు లెండి. అమ్మేసే అవకాశం చేతిలో ఉండి కూడా "ఇది ఇప్పుడే ఇవ్వను, పని ఉంది" అన్నాడంటే ఆ మాట విలువ తెలుసుకోండి.

కాకపోతే ఒకటి, మొరటుగా ఉండే ప్రతివాడూ పనిమంతుడని కూడా అనుకోవద్దు. కొన్ని షాపుల్లో కొత్తగా నేర్చుకునేవాళ్ళని చులకనగా చూడటం ఒక స్టైల్ అనుకుంటారు. అక్క కొనడానికి వస్తే పక్కనున్న తమ్ముడితో మాట్లాడతారు, ఆవిడ అడిగిన ప్రశ్నకి కూడా జవాబు వాడికే చెప్తారు, ఇది నేను కళ్ళారా చాలాసార్లు చూశాను. పిల్లాడు ఖరీదైన గిటారు వైపు చెయ్యి చాపగానే "అది ముట్టుకోకు" అని అరుస్తారు, దించి ఒడిలో పెట్టి పక్కనే నిలబడితే సరిపోయేదానికి. అలాంటి చోటికి ఎంత పనితనం ఉన్నా నేనైతే మళ్ళీ వెళ్ళను.

ఇప్పుడు గోడ మీద గిటారు సంగతి. అది చెక్క కాబట్టి గాల్లో తేమ మారితే నెక్ (తీగలు నొక్కే చెయ్యి పట్టుకునే పొడవాటి భాగం) కదులుతుంది, నెలల తరబడి వేలాడుతూ వచ్చిపోయే వాళ్ళందరి చెమటా తీగలకి పట్టి ఉంటుంది, ట్యూనింగ్ సంగతి చెప్పక్కర్లేదు. అలాగే దించి మీ చేతిలో పెడితే మీరు వాయించింది ఆ గిటారే కాదు. మంచి గిటారు కూడా చెత్తలా వినిపిస్తుంది, మీకేమో "నాకే రావట్లేదేమో" అనిపిస్తుంది. అందుకని మొదట చూడాల్సింది ఇదే: దించాక ట్యూన్ చేసి ఇచ్చారా లేదా. అర నిమిషం పని. గోడకీ మీ చేతికీ మధ్య ఆ అర నిమిషం లేని షాపులో వారంటీ గురించి, ఫ్రీ సర్వీస్ గురించి ఎన్ని చెప్పినా నేను నమ్మను.

రెండోది, నేరుగా అడగండి, "కంపెనీ నుంచి వచ్చాక మీ దగ్గర దీనికి ఏం చేశారు?" అని. పని తెలిసినవాడు తడుముకోడు, నెక్ చూశాం, యాక్షన్ (తీగల ఎత్తు) దించాం, ఇంటొనేషన్ (నెక్ పొడవునా శృతి సరిగ్గా పలకడం) సరిచేశాం, ఫ్రెట్ల (నెక్ మీద అడ్డంగా ఉండే లోహపు కడ్డీలు) చివర్లు గుచ్చుకుంటుంటే రుద్దాం, ఇలా గడగడా చెప్తాడు. "కంపెనీ వాళ్ళే అన్నీ చూసి పంపిస్తారండి" అన్నాడంటే పెట్టె విప్పి గోడకి తగిలించాడని అర్థం. కంపెనీ వాళ్ళు చూసే పంపిస్తారు, అది అబద్ధం కాదు, కానీ అక్కడి నుంచి ఓడల్లో, లారీల్లో, గోడౌన్లలో వేరే వేరే వాతావరణాలు దాటుకుని వచ్చేసరికి నెక్ అలాగే ఉండాలని రూలేం లేదు.

మీ రెండో షాపాయన చెప్పిన నట్ గురించి కొంచెం వివరంగా రాస్తా, ఎందుకంటే మీరు ప్రశ్నలో ఎఫ్ కార్డ్ (కొన్ని తీగలు ఒకేసారి నొక్కి కలిపి మోగించే స్వరాల్లో ఒకటి) పట్టుకుంటే వేళ్ళు చచ్చిపోతున్నాయని కూడా రాశారు. నట్ అంటే నెక్ పై చివర తీగలు గాళ్ళలో కూర్చునే ఆ చిన్న ముక్క, ఎముకో ప్లాస్టికో ఏదో ఒకటి. ఫ్యాక్టరీలో ఈ గాళ్ళని కావాలనే కొంచెం తక్కువ లోతుగా కోసి వదిలేస్తారు, ఎక్కువ కోసేస్తే ఓపెన్ తీగ మొదటి ఫ్రెట్‌కి తగిలి బజ్ అంటుంది, అప్పుడు నట్టే మార్చాలి, తక్కువ కోస్తే తర్వాత ఎవరైనా కోసుకోవచ్చు, ఇదీ వాళ్ళ లెక్క. దాంతో మొదటి ఫ్రెట్ దగ్గర తీగ మరీ ఎత్తులో ఉంటుంది. ఎఫ్ పట్టుకునేది సరిగ్గా అక్కడే! ఎంత నొక్కినా ఒక తీగ మోగదు, మోగినా ఎక్కువ నొక్కడం వల్ల శృతి పైకి పోతుంది, నేర్చుకునేవాళ్ళేమో తమ వేళ్ళలో బలం లేదనుకుని నెలలు నెలలు ఏడుస్తుంటారు. ఎఫ్ రావట్లేదని గిటారే మానేద్దామని వచ్చిన వాళ్ళ గిటారు తీస్కుని, చిన్న నట్ ఫైలుతో గాళ్ళు కొంచెం దించి ఇస్తే అక్కడికక్కడే మోగించిన సందర్భాలు నాకు చాలా ఉన్నాయి. కాబట్టి ఆయన ఆ ఒక్క విషయం పట్టుకున్నాడంటే మీ చేతులు కూడా చూసే ఉంటాడు. మీకు తెలీకుండా చూస్తారు లెండి, టైలరు మనిషి గుమ్మంలోకి రాగానే కళ్ళతోనే కొలతలు తీసుకున్నట్టు.

దీన్ని మీరే చెక్ చెయ్యొచ్చు, ఏ పనిముట్టూ అక్కర్లేదు. తీగని రెండో ఫ్రెట్‌కీ మూడో ఫ్రెట్‌కీ మధ్యలో నొక్కి పట్టుకుని, మొదటి ఫ్రెట్ పైన తీగకీ ఫ్రెట్‌కీ మధ్య ఎంత ఖాళీ ఉందో చూడండి. వెంట్రుకవాసి ఉంటే చాలు, తీగ మీద వేలితో తడితే చిన్నగా "టిక్" మనాలి. కంటికి స్పష్టంగా కనిపించేంత ఖాళీ ఉంటే నట్ ఎత్తుగా ఉన్నట్టే. అసలు ఖాళీయే లేకపోతే అది ఇంకో తలనొప్పి, మరీ లోతుగా కోసేశారు.

నెక్ కూడా ఇలాగే. ఆరో తీగని (అన్నిటికన్నా లావుది, మొదటిది అన్నిటికన్నా సన్నది) మొదటి ఫ్రెట్ దగ్గర ఒక చేత్తో, పద్నాలుగో ఫ్రెట్ దగ్గర రెండో చేతి చిటికెన వేలుతో నొక్కండి, అప్పుడు ఆ తీగే మీకు స్కేలు. ఏడో ఫ్రెట్ దగ్గర తీగ కింద 0.2, 0.3 మిల్లీమీటర్ల ఖాళీ ఉంటే మామూలు. అసలు లేకపోతే నెక్ మరీ నిటారుగానో వెనక్కి వంగో ఉంది, బోలెడు ఉంటే ముందుకి వంగి ఉంది. దీన్ని సరిచెయ్యడానికే నెక్ లోపల ట్రస్ రాడ్ అని స్టీలు కడ్డీ ఉంటుంది, గిబ్సన్ కంపెనీలో పనిచేసిన థాడియస్ మెక్‌హ్యూ అనే ఆయనకి 1923లో దీని మీద పేటెంట్ వచ్చింది, వంద ఏళ్ళయినా పద్ధతి దాదాపు అదే. ఇక్కడే షాపువాడి పనితనం బయటపడుతుంది. "తీగలు ఎత్తుగా ఉన్నాయి" అని మీరనగానే ఎలెన్ కీ తీసి ట్రస్ రాడ్ తిప్పడం మొదలెట్టాడా, అక్కడితో దండం పెట్టి బయటికొచ్చేయండి. ట్రస్ రాడ్ నెక్ వంపుని సరిచేస్తుంది, తీగల ఎత్తు శాడిల్ (కింది చివర తీగలు ఆనుకునే ముక్క) దగ్గర సరిచేస్తారు, ముందు వంపు చూసి తర్వాత ఎత్తు చూస్తారు. తెలిసినవాడు ముందు కంటితో నెక్ పొడవునా చూస్తాడు, నేను చెప్పినట్టు నొక్కి చూస్తాడు, అప్పుడు పావు తిప్పు తిప్పుతాడు, మళ్ళీ ట్యూన్ చేస్తాడు, మళ్ళీ చూస్తాడు. చూడ్డానికి బోరుగానే ఉంటుంది. మిమ్మల్ని కాసేపు నిలబెట్టాడన్నారే, ఆ టైమంతా ఇదే అయ్యుంటుంది.

యాక్షన్ విషయానికొస్తే పన్నెండో ఫ్రెట్ దగ్గర ఎలక్ట్రిక్‌కి ఆరో తీగ కింద 2 మిల్లీమీటర్లకి అటూ ఇటూ, మొదటి తీగ కింద 1.5 దగ్గర్లో ఉంటే హాయిగా ఉంటుంది. ఇదేం శాసనం కాదు, గట్టిగా కొట్టేవాళ్ళకి ఇంకొంచెం ఎత్తు కావాలి. ఎవరైనా "మా దగ్గర యాక్షన్ అన్నిటికన్నా తక్కువ" అని గొప్పగా చెప్తే పన్నెండు నుంచి పదిహేనో ఫ్రెట్ దాకా మొదటి, రెండు తీగలు బెండ్ చేసి (నొక్కి పక్కకి లాగి) చూడండి, మధ్యలో శబ్దం చచ్చిపోతే ఆ తక్కువ మనకి పనికిరాదు.

ఇంకా మీరే చూడాల్సినవి. యాంప్‌కి (శబ్దం పెంచే పెట్టె) పెట్టకముందే ఉత్తగా ఒక్కో తీగ ఒక్కో ఫ్రెట్ మోగించి చూడండి. పన్నెండో ఫ్రెట్ మీద హార్మోనిక్ (నొక్కకుండా తీగకి వేలు తాకించి మోగించడం) కొట్టి, తర్వాత అక్కడే నొక్కి కొట్టి ట్యూనర్‌లో రెండూ ఒకే చోట నిలబడుతున్నాయా చూడండి, అదే ఇంటొనేషన్, తేడా ఉంటే శాడిల్ ముందుకీ వెనక్కీ జరిపి సరిచేస్తారు, పెద్ద పనేం కాదు. తర్వాత యాంప్‌కి పెట్టి వాల్యూం, టోన్ నాబ్‌లు తిప్పండి, కేబుల్ జాక్ దగ్గర కొంచెం కదపండి, గరగర వస్తే చెప్పండి. ఇంట్లో మీకు చిన్న యాంప్ ఉంటే షాపులో కూడా చిన్నదాని మీదే వినండి, పెద్ద యాంప్‌లో ప్రతి గిటారూ బాగానే ఉంటుంది. నించుని వాయించి చూడండి, స్ట్రాప్ అడిగితే ఇస్తారు, కొన్ని గిటార్లు చెయ్యి వదలగానే నెక్ వైపు కిందికి వాలిపోతాయి, అది కూర్చుంటే తెలీదు. ఫెండర్ స్ట్రాటొకాస్టర్ లాంటి వాటిలో తీగ మోగే పొడవు 648 మిల్లీమీటర్లు ఉంటుంది, గిబ్సన్ లెస్ పాల్ లాంటి వాటిలో 628 దగ్గర్లో, అదే తీగలు అదే శృతికి పెడితే పొట్టిదాని మీద కొంచెం మెత్తగా అనిపిస్తాయి. ఎఫ్‌తో కుస్తీ పడుతున్నారు కాబట్టి రెండూ పట్టుకుని చూడండి. మంచి షాపువాడైతే మీరు అడక్కుండానే రెండూ చేతికిస్తాడు.

సింగిల్ కాయిల్ పికప్‌లు (పికప్ అంటే తీగల కదలికని కరెంటు సిగ్నల్‌గా మార్చే భాగం) ఉన్న గిటారు యాంప్‌కి పెట్టగానే సన్నగా "హమ్" అని వస్తుంది, ట్యూబ్‌లైట్ పక్కన ఇంకా ఎక్కువ. అది చెడిపోయినట్టు కాదు, వాటి స్వభావమే అంత, ఆ గొడవ వదిలించుకోడానికే 1955లో గిబ్సన్‌లో సెత్ లవర్ రెండు కాయిల్స్ కలిపి హంబకర్ తయారుచేశాడు. తీగ మీద చెయ్యి వెయ్యగానే హమ్ తగ్గితే కంగారు అక్కర్లేదు. దీన్ని డిఫెక్ట్ అనుకుని గిటారు వెనక్కి తెచ్చేవాళ్ళు ఉంటారు, వాళ్ళకి ఓపిగ్గా ఇదంతా చెప్పి రెండో రకం పికప్ ఉన్నది చేతికిచ్చి తేడా వినిపించేది కూడా సర్వీసే. "అది అంతే" అని ఒక్క మాటతో తేల్చేసేవాళ్ళూ ఉంటారు, చెప్పింది నిజమే అయినా కొనేవాడికి ఏం అర్థమైందని?

సిగ్గు సంగతి. షాపులో పనిచేసేవాళ్ళకి మీ వాయింపు వినపడదండీ, నిజం చెప్తున్నా. రోజంతా అవే రిఫ్‌లు (చిన్న చిన్న బాణీ ముక్కలు), అవే తప్పులు, చెవులు మూసుకుపోయి ఉంటాయి. వాళ్ళకి చిరాకు తెప్పించేది సరిగ్గా రాని వాయింపు కాదు, అడక్కుండా గోడ మీంచి లాగేయడం, బెల్టు బకిల్‌తో, జాకెట్ జిప్‌తో గిటారు వెనకాల గీకేయడం, యాంప్ ఫుల్లుగా పెట్టి తనకొచ్చిన ఒకే ఒక్క సోలో పదే పదే కొట్టడం, ఇవీ. కాబట్టి వెళ్ళగానే చెప్పేయండి, "అన్నా, ఇంకా నేర్చుకుంటున్నా, పక్కగా కూర్చుని మెల్లగా వాయించుకోవచ్చా" అని. రద్దీ లేని టైము ఏదో ఫోన్ చేసి కనుక్కుని వెళ్తే ఇంకా మంచిది, వారం మధ్యలో పొద్దున పూట సాధారణంగా ఖాళీగా ఉంటుంది. ఎడమచేతి వాటం వాళ్ళు ఎలాగూ ఫోన్ చేసే వెళ్ళాలి, చిన్న షాపుల్లో ఒకటో రెండో ఉంటాయి, అవీ ఉంటే. వచ్చిన నాలుగు కార్డులు, ఒక స్కేలు, రోజూ ప్రాక్టీస్ చేసే పాట ఒకటి, అంతే చాలు, కొత్తగా ఏదో చూపించాలని చూడకండి, తెలిసిన పాట మీదే గిటారుకీ గిటారుకీ తేడా తెలుస్తుంది.

ఎక్కువమంది చెయ్యని పని ఒకటి చెప్తా, మీ పాత అకౌస్టిక్ కూడా పట్టుకెళ్ళండి. తీగలు ఎక్కడ అరిగాయి, ఎంత ఎత్తు మీద అలవాటుపడ్డారు, ఎంత గట్టిగా కొడతారు అన్నీ దాని మీద రాసిపెట్టి ఉంటాయి, మాటల్లో మీరు చెప్పలేనిది ఆ షాపాయనకి అది చూస్తే అర్థమైపోతుంది. దాని నట్ కూడా ఒకసారి చూడమనండి, మీ ఎఫ్ గొడవ అక్కడే మొదలై ఉండొచ్చు.

ఆన్‌లైన్ ధర గురించి. ఆన్‌లైన్‌లో కొనడం పాపమేం కాదు, నేనూ తీగలు, కేబుళ్ళు కొంటాను. గిటారు విషయంలో మాత్రం ఆ తేడా దేనికో లెక్కేసుకోండి. ఇంటికొచ్చిన గిటారుకి నట్, యాక్షన్, ఇంటొనేషన్, అంటే సెటప్, ఎవరో ఒకరితో చేయించుకోవాలి, దానికి విడిగా ఇవ్వాలి, షాపులో కొంటే అది కలిసి వస్తుంది, రావాలి కూడా. అందుకని ధర తగ్గించమని గుంజకుండా "సెటప్ కలిపే కదా, కొత్త తీగలు వేసి ఇస్తారా, సీజన్ మారాక ఇంకోసారి చూస్తారా" అని అడగండి. పేరున్న కంపెనీల కొత్త గిటార్ల మీద చిన్న షాపుకి మిగిలేది అంత ఉండదు, తీగలు, రిపేర్లు, సెకండ్ హ్యాండ్, వీటి మీదే బండి నడుస్తుంది, కాబట్టి గిటారు మీద తగ్గించలేనివాడు కూడా పని రూపంలో ఇవ్వగలడు. "ఫ్రీ సెటప్" అంటే మాత్రం అందులో ఏమేం ఉన్నాయో అడగాలి. కొన్ని చోట్ల ఫ్రీ సెటప్ అంటే గుడ్డతో తుడిచి ట్యూన్ చెయ్యడమే! ఫ్రెట్లు సమం చెయ్యడం లాంటి పెద్ద పని ఎవరూ ఫ్రీగా చెయ్యరు, అది న్యాయమే.

ఒక గంట సేపు షాపులో నాలుగు గిటార్లు దించి వాయించి, ఆయన్ని వంద ప్రశ్నలు అడిగి, బయటికొచ్చి ఫోన్‌లో ఆర్డర్ పెట్టేవాళ్ళున్నారు. నాకది నచ్చదు. ఆన్‌లైన్ ధర చూశానని మొహం మీదే చెప్పండి, ఎంతవరకు రాగలడో ఆయన చెప్తాడు, కుదరకపోతే కుదరదు, అందులో గొడవేం లేదు.

అడ్వాన్స్ కట్టొచ్చు. కాకపోతే నోటిమాట మీద కాదు, బిల్లు మీద మోడల్, సీరియల్ నంబర్, చెయ్యాల్సిన పని, ఎప్పటికి ఇస్తారు, పనయ్యాక నచ్చకపోతే అడ్వాన్స్ తిరిగిస్తారా లేదా, ఇవన్నీ రాయించుకోండి. సీరియల్ నంబర్ ముఖ్యం. మీరు వాయించి ఎంచుకున్నది అదే గిటారు, అదే మోడల్‌లో ఇంకోటి కాదు, ఒకే మోడల్ రెండు పక్కపక్కన పెట్టి వాయిస్తే చేతికి వేరుగా తెలుస్తాయి. ఇదంతా రాయడానికి ఆయన విసుక్కుంటే అప్పుడు ఆలోచించండి. బాగా నడిచే షాపులో అడక్కుండానే రాస్తారు, గిటారుకి ట్యాగ్ కూడా కడతారు.

సెకండ్ హ్యాండ్ వైపు చూస్తున్నట్టు కూడా ఒక లైన్ రాశారు. అక్కడే షాపు నిజాయితీ పూర్తిగా తెలిసిపోతుంది, ఎందుకంటే దాచడానికి చాలా ఉంటుంది. గిబ్సన్ తరహా గిటార్లలో హెడ్‌స్టాక్ (తీగలు బిగించే మరలుండే పై చివర) 14 నుంచి 17 డిగ్రీలు వెనక్కి వాలి ఉంటుంది, నెక్ అక్కడే సన్నగా ఉంటుంది, కింద పడితే అక్కడే విరుగుతుంది, బాగా అతికిస్తే వాయించడానికి ఇబ్బందేం ఉండదు గానీ ధర చాలా తగ్గాలి. నట్ వెనకాల లైటు వాలుగా పడేలా పట్టుకుని సన్నటి గీత ఉందేమో చూడండి, రంగు కొత్తగా ఉందేమో చూడండి, ఆ తర్వాత "విరిగి అతికించిందా?" అని అడగండి. మంచి షాపుల్లో ఆ సంగతి ధర చీటీ మీదే రాసి ఉంటుంది. పికప్‌లు మార్చారా, ఫ్రెట్లు మార్చారా అని అడిగితే వెనక ప్లేటు విప్పి చూపించేవాడు దొరికితే వదులుకోకండి. అకౌస్టిక్ అయితే బ్రిడ్జ్ (పై చెక్క మీద తీగల కింది చివర్లు కట్టే ముక్క) వెనక అంచు కింద కాగితం ముక్క దూరుతుందా చూడండి, దూరితే లేస్తోందన్నమాట. ఫ్రెట్ల మీదుగా పొడవాటి స్కేలు పెడితే దాని చివర బ్రిడ్జ్ పై అంచు దగ్గరికి రావాలి, బాగా కిందికి కొడితే నెక్ విప్పి మళ్ళీ బిగించాలి, అది చాలా ఖర్చు. పాత మార్టిన్ కంపెనీ అకౌస్టిక్‌లకైతే 1985 దాకా తిప్పడానికి ట్రస్ రాడ్డే ఉండేది కాదు, ఆ సంగతి అమ్మేవాడే ముందు చెప్పాలి.

తయారైన సంవత్సరం గురించి ఖచ్చితంగా చెప్పేవాళ్ళ దగ్గర కొంచెం జాగ్రత్త. మార్టిన్ వాళ్ళు 1898లో 8000 నుంచి మొదలుపెట్టి వరసగా నంబర్లు వేసుకుంటూ వచ్చారు కాబట్టి వాటి సంవత్సరం తేలిగ్గా తెలుస్తుంది. పాత ఫెండర్ కంపెనీ గిటార్లలో అలా కాదు, నెక్ చివర రాసిన తేదీ నెక్‌ది, బాడీ లోపలి తేదీ బాడీది, నంబరు ప్లేట్లు డబ్బాలోంచి చేతికొచ్చింది తీసి బిగించారు, వరస ఉండదు. తెలిసినవాడు "దాదాపు ఫలానా ఏడాది" అంటాడు. అలాగే బ్రెజిలియన్ రోజ్‌వుడ్ అని చెప్తే కాగితాలు అడగండి, ఆ చెక్క 1992 నుంచి సైటిస్ (అంతరించిపోయే జాతుల వ్యాపారం మీద అంతర్జాతీయ) ఒప్పందంలో అన్నిటికన్నా కఠినమైన జాబితాలో ఉంది, దేశం దాటించాలంటే పర్మిట్ కావాలి. మిగతా రోజ్‌వుడ్‌లని కూడా 2017లో జాబితాలో చేర్చారు గానీ తయారైన వాయిద్యాలకి 2019లో మినహాయింపు ఇచ్చారు, కాబట్టి మామూలు రోజ్‌వుడ్ ఫ్రెట్‌బోర్డ్‌కి భయపడక్కర్లేదు.

అకౌస్టిక్‌లు పెట్టిన గదిలో హ్యుమిడిటీ మీటర్ ఉందేమో చూడండి, 45 నుంచి 55 శాతం మధ్య చూపిస్తుంటే ఆ షాపువాళ్ళకి చెక్క మీద పట్టింపు ఉందని అర్థం. మరీ పొడిగా ఉంటే నెక్ కుంచించుకుని ఫ్రెట్ చివర్లు బయటికి పొడుచుకొస్తాయి, నెక్ అంచు వెంట వేలు పోనిస్తే గుచ్చుకుంటాయి. తేమ ఎక్కువైతే పై చెక్క ఉబ్బి తీగలు పైకి లేస్తాయి.

తెలియక చేసే సర్వీస్ ఎంత పని చేస్తుందో ఒకటి చెప్తాను, షాపు పేరు అనవసరం. ఒకమ్మాయి నైలాన్ తీగల క్లాసికల్ గిటారు కొనుక్కుంది, "సౌండ్ తక్కువగా ఉంది" అంటే అమ్మినవాడు స్టీలు తీగలు వేసి పంపాడు, డబ్బులు కూడా తీసుకోలేదట పాపం, ఫ్రీ సర్వీస్. నైలాన్ సెట్ మొత్తం కలిపి లాగేది 40 కిలోల దగ్గర్లో ఉంటుంది, అకౌస్టిక్‌కి వేసే స్టీలు సెట్ 70 దాటుతుంది. నా టేబుల్ మీదికొచ్చేసరికి బ్రిడ్జ్ వెనక వైపు లేచి కింద చెక్క పీచులు కనిపిస్తున్నాయి, పై చెక్క బ్రిడ్జ్ వెనకాల పొంగి ముందు గుంటపడింది. అతికించాం, వాయిస్తోంది, కానీ ఆ గుంట పూర్తిగా పోలేదు. అప్పుడే ఆ అమ్మినవాడు "దీనికి స్టీలు వెయ్యకూడదమ్మా, సౌండ్ కావాలంటే వేరే గిటారు చూడాలి" అని కాదన్నా బాగుండేది. కాదనడం రాని షాపుల్లో ఇదే ఇబ్బంది.

రిపేరుకి ఇచ్చేటప్పుడు ఏం ఇబ్బందో మీ మాటల్లోనే చెప్పండి, "ట్రస్ రాడ్ తిప్పండి" అని కాదు, "ఐదో ఫ్రెట్ పైన బజ్ వస్తోంది, గట్టిగా కొడితేనే" అని. వాయించి చూపించండి. ఖర్చు అంచనా ముందే చెప్పమనండి, దాటేట్టుంటే ఫోన్ చెయ్యమనండి, తీసేసిన పాత పార్టులు తిరిగి ఇమ్మనండి, పాత గిటార్లకి అవి కూడా విలువే. తీసుకోడానికి వెళ్ళినప్పుడు బ్యాగులో పెట్టుకుని వచ్చేయకుండా అక్కడే కూర్చుని వాయించండి.

ఆఖరుగా తీగల సైజు. చాలా కొత్త ఎలక్ట్రిక్‌లు 0.009 అంగుళాల మొదటి తీగతో వస్తాయి, కొన్ని 0.010తో. మీ అకౌస్టిక్‌కి 0.012 ఉండుంటుంది, దాని నుంచి 0.009కి వస్తే మొదట్లో రబ్బరులా అనిపించి, నొక్కుడు ఎక్కువై శృతి పైకి పోతుంది. వచ్చే వారం వెళ్ళినప్పుడు రెండు సైజులూ వాయించి చూసి, ఏది వేసుకుంటారో ఆయన నట్ కొయ్యకముందే చెప్పేయండి. గాడి వెడల్పు ఆ తీగకి తగ్గట్టే కోస్తారు, సెటప్ అంతా ఆ సైజు మీదే చేస్తారు, ఇంటికొచ్చాక సైజు మారిస్తే నెక్ కూడా మళ్ళీ చూడాలి, పనంతా మొదటికొస్తుంది. ఏ సైజు వేశారో బిల్లు వెనకాల రాయించుకోండి, రెండు మూడు నెలలకి తీగలు మార్చేటప్పుడు గుర్తుండదు.